అటక మీద దొరికిన పాత అమెరికన్ రికర్వ్ విల్లుకి నారి కట్టి వాడొచ్చా?

మీరడిగింది ఇదీ: భీమవరంలో మీ పెదనాన్నగారి ఇంటి అటక మీద బేర్ కంపెనీ రికర్వ్ విల్లు (కొనలు ముందుకి వంపు తిరిగిన రకం) ఒకటి దొరికింది, నారి లేదు, దాని మీద 60 అంగుళాలు, 45 పౌండ్లు, కెనడా 1953 అని ఉంది. ఆన్‌లైన్‌లో నారి తెప్పించి ఎక్కుపెట్టేయొచ్చా అని.

వాడొచ్చండి. కాకపోతే నారి ఆర్డర్ పెట్టకముందే విల్లుని తీరిగ్గా ఓసారి పరీక్ష చేయాలి. అమలాపురంలో మా ఇంట్లో ఇలాంటివి కొన్ని ఉన్నాయి. అన్నీ అమెరికాలో ఉన్న చుట్టాల చేత తెప్పించుకున్నవే. వాటిని కడుతూ, వేస్తూ తెలుసుకున్నది చెబుతాను.

ముందు వయసు సంగతి. కెనడా 1953 అని ఉంది కదా అని అది 1953లో తయారైందని ఎవరికీ చెప్పకండి. అది కెనడా పేటెంటుకి సంబంధించిన ఏడాది. తర్వాత చాలా ఏళ్ల పాటు బేర్ విళ్ల మీద అదే అచ్చు వేస్తూ వచ్చారు. దానికంటే ఊరి పేరు పనికొస్తుంది. ఈ కంపెనీ పెట్టిన ఫ్రెడ్ బేర్ ఫ్యాక్టరీ మొదట మిషిగన్ రాష్ట్రం గ్రేలింగ్‌లో ఉండేది, 1978లో ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌కి మారింది. మీ విల్లు మీద గ్రేలింగ్ అని ఉంటే అంతకుముందుదని అనుకోవచ్చు.

వయసు చూసి భయపడనక్కర్లేదు. ఈ రకం విళ్లకి లింబ్ (పిడికి పైనా కిందా వంగే భాగం) లోపల మేపుల్ లాంటి చెక్క బద్దలు, ముందూ వెనకా ఫైబర్ గ్లాస్, మధ్యలో జిగురు ఉంటాయి. యాభై ఏళ్లు దాటినవి కూడా ఇప్పటికీ శుభ్రంగా బాణం వేస్తున్నాయి. మన దగ్గర అందరూ తేమ తేమ అంటారు గానీ, వార్నిష్ బాగున్న విల్లుని తేమ అంత తొందరగా ఏమీ చేయదు. చంపేది వేడి. మే నెలలో రేకుల కప్పు కింద అటక ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఆ వేడికి జిగురు మెత్తబడితే పొరలు విడిపోతాయి, లేదా లింబ్ మెలి తిరుగుతుంది. నాకు తెలిసిన ఒకాయన ఎండలో కారు డిక్కీలో వదిలేసిన విల్లు సాయంత్రానికి కొన దగ్గర నోరు తెరిచింది. అందుకే అడుగుతున్నాను, మీ పెదనాన్నగారిది పెంకుటిల్లా, డాబానా, రేకులా? రేకులైతే ఇంకాస్త జాగ్రత్తగా చూడండి.

చూడటమంటే కంటితో ఒక్కటే చాలదు. కొంచెం దూది తీసుకుని లింబ్ అంచుల వెంట మెల్లగా లాగండి. గ్లాసు పీచు లేచినా, పొర విడిపోయినా దూది అక్కడ పట్టుకుంటుంది. తర్వాత గోరు. వార్నిష్‌లో వెంట్రుకల్లాంటి గీతలు పాత విళ్లకి మామూలే, వాటికి బెంగ లేదు. లింబ్‌కి అడ్డంగా ఉన్న గీతలో గోరు దిగబడిందంటే మాత్రం పగులు గ్లాసు దాకా వెళ్లినట్టే. ఆ విల్లు గోడకి అలంకారమే, ఇంక నారి కట్టొద్దు. నారి కూర్చునే కొనల గాడి దగ్గర చీలికలు ఉన్నాయేమో భూతద్దంతో చూడండి.

ఇక నారి. అసలు తేడా వచ్చేది ఇక్కడే. దుకాణంలో అడిగితే సాగని కొత్త రకం నారి చేతిలో పెడతారు, ఫాస్ట్ ఫ్లైట్ లాంటివి. అవి కొత్త విళ్లకి బాగుంటాయి. పాత విల్లు కొనలకి ఆ బలం ఉండదు, సాగని నారి కొట్టే దెబ్బకి గాడి దగ్గర చీలిపోతుంది. మీకు కావాల్సింది డాక్రాన్, అంటే కాస్త సాగే పాలిస్టర్ నారి, బీ-50 లేదా బీ-55 రకం. మీ విల్లుకి 12 లేదా 14 పోగులు వేయించండి. 60 అంగుళాల రికర్వ్‌కి నారి నాలుగంగుళాలు తక్కువ, అంటే 56 ఉండాలి.

కాలు మధ్యలో పెట్టి విల్లు వంచి నారి తొడగడం సినిమాల్లో బాగుంటుంది. మీరు మాత్రం స్ట్రింగర్ తాడు, అంటే రెండు కొనలకీ తగిలించి విల్లుని సమంగా వంచే తాడు, కొనుక్కోండి. కాలితో వంచితే బరువంతా ఒక పక్క పడి లింబ్ మెలి తిరుగుతుంది. నారి ఎక్కాక విల్లుని అలాగే కాసేపు వదిలేసి, వెనక నుంచి చూడండి. నారి రెండు లింబ్‌ల నడి మధ్యగా కనపడాలి. అంతా బాగుంటే మొదట కొద్దిగా లాగి, నెమ్మదిగా వదులుతూ, విడతలుగా పెంచుకుంటూ వెళ్లండి. టిక్కుమని శబ్దం వస్తే అక్కడితో ఆపేయండి. బాణం లేకుండా లాగిన నారిని ఎప్పుడూ ఒక్కసారిగా వదలొద్దు, ఇంట్లో పిల్లలున్నారంటే ఈ మాట గట్టిగా చెప్పండి.

పిడి లోపలి గుంట నుంచి నారికి దూరం ఏడున్నర, ఎనిమిది అంగుళాల మధ్య మొదలుపెట్టండి. నారికి మెలికలు పెంచితే ఈ దూరం పెరుగుతుంది. డాక్రాన్ కొత్తలో సాగుతుంది కాబట్టి మొదటి రోజుల్లో మళ్లీ మళ్లీ మెలి వేయాలి. ఏ కొలత దగ్గర విల్లు చప్పుడు తగ్గి, చేతికి అదురు తక్కువగా తగులుతుందో అదే మీ కొలత.

45 పౌండ్లంటే విల్లు బరువు కాదు, నారిని 28 అంగుళాలు లాగినప్పుడు పట్టే బలం లెక్క. మీ చెయ్యి 26 దగ్గర ఆగితే ఓ నలభై పౌండ్లు పడుతుంది. అదీ కొత్తవాళ్లకి ఎక్కువే. విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ ఒలింపిక్స్‌లో పట్టిందీ రికర్వే గానీ, అలాంటివాళ్లూ తేలిక విల్లుతోనే మొదలుపెడతారు. మీరు కూడా 20, 25 పౌండ్ల దాంతో భుజం అలవాటు చేసుకుని దీని జోలికి రండి. లేదంటే భుజం పట్టేసి టెన్షన్ పడతారు.

బాణాల విషయంలో పొదుపు చూడకండి. టార్గెట్ ఆర్చరీ వాళ్లు వాడే సన్నటి తేలిక కార్బన్ బాణాలు పాత విల్లుకి పనికిరావు. తేలిక బాణం మిగిల్చిన శక్తంతా లింబ్‌లే భరించాలి. ఒక్కో పౌండ్‌కి తొమ్మిది, పది గ్రెయిన్ల లెక్కన మీకు 400 గ్రెయిన్లు దాటిన బాణం కావాలి, అంటే 26 గ్రాములకి పైమాటే. షెల్ఫ్ (పిడి పైన బాణం ఆనే అంచు) మీద నుంచి వేస్తారు కాబట్టి ఈకలు నిజమైనవే ఉండాలి. ప్లాస్టిక్‌వి విల్లుకి తగిలి బాణాన్ని పక్కకి నెట్టేస్తాయి. తేమ సంగతి ఇక్కడ మాత్రం నిజం, వానాకాలంలో ఈకలు చప్పబడిపోతాయి, బాణాల్ని మూత పెట్టిన గొట్టంలో ఉంచండి.

టార్గెట్‌కి గోనె సంచుల్లో పాత చీరలు, బట్టలు బిగించి కుక్కితే చాలు. ఉత్త గడ్డిమోపులోంచి ఈ బాణం అవతలకి పోతుంది. కొబ్బరితోటలో వేయకండి, మానుకి దిగిన ములికి బయటికి రాదు. దాళ్వా కోతలయ్యాక ఖాళీ చేలు బాగుంటాయి. మీ వైపు రొయ్యల చెరువు గట్లు వెనక అడ్డుగా బాగా పనికొస్తాయి గానీ, మేత వేసేవాళ్లు గట్టు మీదికి ఏ వేళప్పుడైనా వస్తారు. అవతల ఒక మనిషిని నిలబెట్టి, అతను సరే అన్నాకే బాణం తొడగండి.

వేయడం అయ్యాక నారి దించేసి, ఎండ తగలని గోడకి రెండు మేకుల మీద అడ్డంగా పెట్టండి. మూలకి చేరేస్తే కింది లింబ్ వంగుతుంది. దూది ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.