అమెరికా అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడనివాళ్ల) గోల్ఫ్ ఫైనల్లో "7 అండ్ 6" అంటే ఎన్ని స్ట్రోకుల తేడా? ఆ లెక్క ఎక్కణ్ణుంచి వచ్చింది?

స్ట్రోకులతో, అంటే బంతిని కొట్టిన దెబ్బల లెక్కతో, దానికి సంబంధమే లేదండీ. 2025 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కో ఒలింపిక్ క్లబ్‌లో మేసన్ హొవెల్ 7 అండ్ 6తో గెలిచాడన్న వార్త చూసి అడిగినట్టున్నారు. అందులో 7 అంటే అతను ఏడు హోల్స్ (గుంతలు) ముందున్నాడని. 6 అంటే ఇంకా ఆడాల్సినవి అన్నే మిగిలాయని. అవతలివాడు ఆ ఆరూ గెలిచినా ఒకటి తక్కువే పడుతుంది కాబట్టి ఆట అక్కడితో ఆపేసి చేతులు కలుపుకున్నారు. దీన్ని "7-6 తేడాతో" అని రాస్తే చదివేవాళ్లు టెన్నిస్ టైబ్రేకర్ అనుకోరూ మరి?

దీన్ని మ్యాచ్ ప్లే అంటారు. ప్రతి హోలూ ఒక విడి పందెం. మీకు 4 స్ట్రోకులు పట్టి ఎదుటివాడికి 5 పడితే ఆ హోల్ మీది. అతనికి 11 పట్టినా మీకొచ్చేది ఆ ఒక్కటే. సమానమైతే ఎవరికీ లేదు. ఎన్ని హోల్స్ ముందున్నారో అన్నే మిగిలితే దాన్ని డార్మీ అంటారు, అంటే ఇక నియమిత హోల్స్‌లో మీరు ఓడే ప్రసక్తి లేదు. ఎదుటివాడి పట్ (గుంత దగ్గర బంతిని మెల్లగా తోసే దెబ్బ) ఎలాగూ పడేదే అనిపిస్తే "తీసేసుకో" అని ఇచ్చేయవచ్చు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు, అతను వద్దనడమూ కుదరదు. మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే స్ట్రోక్ ప్లేలో ఈ మర్యాదలేవీ ఉండవు. అరంగుళం దూరంలో ఉన్నా బంతి గుంతలో పడాల్సిందే.

ఇక ఈ లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, సగం బ్రిటన్ నుంచి, సగం ఓటమి మింగుడు పడని ఒక పెద్దమనిషి నుంచి. ఆయన చార్ల్స్ బ్లెయిర్ మెక్‌డొనాల్డ్. కుర్రతనంలో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో చదువుకుంటూ ఆట నేర్చుకున్నాడు, తిరిగొచ్చి షికాగో గోల్ఫ్ క్లబ్ పెట్టాడు. అమెరికాలో తనను మించినవాడు లేడన్నది ఆయన గట్టి నమ్మకం. 1894 సెప్టెంబరులో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్ క్లబ్ వాళ్లు జాతీయ అమెచ్యూర్ పోటీ అని పేరుపెట్టి స్ట్రోక్ ప్లే ఆడించారు. డబ్ల్యూ. జి. లారెన్స్ 188, మెక్‌డొనాల్డ్ 189. ఒక్క స్ట్రోక్ తేడా. మధ్యలో ఆయన బంతి ఒక రాతిగోడ పక్కన చిక్కి రెండు స్ట్రోకులు పోయాయి. ఆయన ఊరుకుంటాడా? గోల్ఫ్ మైదానంలో గోడేమిటన్నాడు, అసలు స్ట్రోక్ ప్లేతో చాంపియన్‌ను తేల్చడమేమిటన్నాడు, ఒక క్లబ్బు తనంతట తాను "జాతీయం" అంటే చెల్లదన్నాడు.

సరేనని అక్టోబరులో న్యూయార్క్ పక్కనున్న యాంకర్స్‌లోని సెయింట్ ఆండ్రూస్ క్లబ్‌లో ఆయన కోరినట్టే మ్యాచ్ ప్లే పెట్టారు. ఫైనల్ దాకా వచ్చి, అదనంగా ఆడిన మొదటి హోల్లో లారెన్స్ స్టాడర్డ్ చేతిలో ఓడిపోయాడు. ఈసారి గోడ లేదు కాబట్టి ఒంట్లో బాగాలేదన్నాడు. ముందు రాత్రి విందు, మధ్యాహ్నం భోజనంలో స్టేకూ షాంపేనూ అయ్యాక బాగుండటం కష్టమే. ఇక్కడా ఆయన వదల్లేదు, ఒక క్లబ్బు పెట్టింది జాతీయ పోటీ కాదన్న పాట మళ్లీ ఎత్తుకున్నాడు.

నవ్వుకోండి గానీ, ఆ చివరి వాదన మాత్రం నిజంగా సరైనదే. ఒకే ఏడాది ఇద్దరు "జాతీయ చాంపియన్లు" తేలారు కదా. ఆ చిక్కు తీర్చడానికే 1894 డిసెంబరు 22న న్యూయార్క్‌లో ఐదు క్లబ్బుల ప్రతినిధులు కూర్చుని యూఎస్‌జీఏ (అమెరికా గోల్ఫ్ సంఘం) స్థాపించారు: న్యూపోర్ట్, షినకాక్ హిల్స్, బ్రూక్లైన్‌లోని ది కంట్రీ క్లబ్, యాంకర్స్ సెయింట్ ఆండ్రూస్, షికాగో. తొలి అధ్యక్షుడు థియొడోర్ హేవ్‌మయర్. ఆయన పేరుమీదే కప్పు. మొదటి అధికారిక పోటీ 1895 అక్టోబరులో మళ్లీ న్యూపోర్ట్‌లోనే, 32 మందితో, మ్యాచ్ ప్లేలో. ఫైనల్లో మెక్‌డొనాల్డ్ చార్ల్స్ శాండ్స్‌ను 12 అండ్ 11తో చితక్కొట్టాడు. పైన చెప్పిన లెక్క వేసి చూడండి: 36 హోల్స్ ఆటలో 11 మిగిలాయంటే 25వ హోల్ దగ్గరే కథ ముగిసింది. ఈసారి ఏ ఫిర్యాదూ రాలేదు! ఆ పోటీలోనే రిచర్డ్ పీటర్స్ అనే ఆయన బిలియర్డ్స్ కర్రతో పట్ చేస్తే కుదరదని బయటికి పంపారు. మర్నాడు అదే మైదానంలో 11 మందితో ఒక్కరోజు పోటీ నడిపారు, 21 ఏళ్ల హోరస్ రాలిన్స్ 150 డాలర్లు గెలుచుకున్నాడు. ఇవాళ కోట్లు కురిసే గోల్ఫ్ యూఎస్ ఓపెన్ మొదటిది అదే. అసలు పెళ్లి అమెచ్యూర్‌ది, దాని వెనకాల మిగిలిన పందిట్లో జరిగిన తంతు ఓపెన్‌ది.

అమెరికా అమెచ్యూర్‌ను ప్రపంచంలోకెల్లా పాతది అనేవాళ్లుంటారు, కాదు. బ్రిటిష్ అమెచ్యూర్ 1885లో హొయ్‌లేక్‌లో మొదలైంది. మన కలకత్తాలో, 1829 నాటి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో, భారత అమెచ్యూర్ పోటీ 1892లోనే మొదలైంది. అమెరికా కన్నా మూడేళ్లు ముందు. ఈ ముక్క మనవాళ్లే ఎక్కడా చెప్పుకోరు.

తర్వాతి చరిత్ర ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి గబగబా చెప్పేస్తాను. జెరోమ్ ట్రావర్స్ నాలుగుసార్లు, బాబీ జోన్స్ ఐదుసార్లు గెలిచారు. జోన్స్ దగ్గర ఉండగానే 1925లో ఈస్ట్ లేక్ క్లబ్‌హౌస్ తగలబడి హేవ్‌మయర్ ఇచ్చిన అసలు కప్పు బూడిదైంది, ఇప్పుడు చూస్తున్నది 1926 నాటిది. 1930లో మెరియన్‌లో జీన్ హోమన్స్‌ను 8 అండ్ 7తో, అంటే రెండో రౌండ్ 11వ హోల్ దగ్గర, ఓడించి జోన్స్ ఒకే ఏడాది నాలుగు పెద్ద పోటీలూ పూర్తి చేశాడు. 1954లో ఆర్నల్డ్ పామర్, 1959లోనూ 1961లోనూ జాక్ నిక్లాస్ గెలిచారు.

ఆపై 1965లో ఒక పెద్ద తెలివితక్కువ పని చేశారు. మ్యాచ్ ప్లేలో పేరున్నవాళ్లు తొలిరోజుల్లోనే ఇంటిదారి పడుతున్నారు, 72 హోల్స్ మొత్తం లెక్కిస్తే "అసలైన" ఉత్తముడు తేలతాడు అని వాదించి స్ట్రోక్ ప్లేకి మార్చారు. ఎనిమిదేళ్లు అలాగే నడిచింది. విన్నీ గైల్స్ సంగతి చూడండి: 1967, 68, 69ల్లో వరసగా రెండో స్థానం, అందులో మొదటి రెండుసార్లూ ఒక్క స్ట్రోక్ తేడాతో. 1972లో గెలిచాడు పాపం. ఆ ఎనిమిదేళ్లలో మంచి ఆటలు లేవని కాదు. 1971లో గ్యారీ కోవన్ చివరి హోల్లో రఫ్ (పెరిగిన గడ్డి) లోంచి 9 ఐరన్ అనే కర్రతో కొట్టిన బంతి నేరుగా గుంతలో పడింది. కానీ 72 హోల్స్ స్ట్రోక్ ప్లే కావాలంటే ప్రొఫెషనళ్లవి వారానికొకటి ఉన్నాయి. దీనిదంటూ ఉన్న ఒకే ఒక్క ప్రత్యేకతను తీసేసి మిగిలినవాటిలో ఒకటిగా కలిపేశారు. 1973లో తప్పు దిద్దుకుని మ్యాచ్ ప్లేకి తిరిగొచ్చారు, ఆ ఏడు గెలిచింది క్రెయిగ్ స్టాడ్లర్.

ఇప్పటి పద్ధతి రెంటికీ రాజీ. 312 మంది రెండు మైదానాల్లో ఒక్కో రౌండ్ స్ట్రోక్ ప్లే ఆడతారు. మొదటి 64 మంది మ్యాచ్ ప్లేకి వెళ్తారు. 64వ స్థానం దగ్గర చాలామంది సమానంగా నిలిస్తే మిగిలిన చోట్ల కోసం హోల్ తర్వాత హోల్ ప్లేఆఫ్. బుధవారం 64 మంది, గురువారం ఒకే రోజు రెండు మ్యాచ్‌లు, శుక్రవారం క్వార్టర్స్, శనివారం సెమీస్, ఆదివారం 36 హోల్స్ ఫైనల్. ప్రతి మ్యాచ్ చివరిదాకా సాగితే విజేత వారంలో ఆడేది 36, 90, మళ్లీ 36, కలిపి 162 హోల్స్. చాలామంది కుర్రాళ్లు తడబడేది గురువారం మధ్యాహ్నమే. పొద్దున మ్యాచ్ 20 హోల్స్ దాకా సాగిందంటే మధ్యాహ్నానికి కాళ్లు పనిచేయవు, పట్‌లు పొట్టిగా ఆగిపోతాయి.

మ్యాచ్ ప్లే ఎందుకు వేరో చూపించడానికి నేనైతే 1996 ఫైనల్ ఒక్కటే చూపిస్తాను. ఆరెగాన్‌లోని పంప్‌కిన్ రిడ్జ్. టైగర్ వుడ్స్‌కి వరసగా మూడో టైటిల్ కావాలి, ఎదురుగా ఫ్లోరిడా యూనివర్సిటీ కుర్రాడు స్టీవ్ స్కాట్. పొద్దున 18 హోల్స్ అయ్యేసరికి స్కాట్ ఐదు ముందున్నాడు. మధ్యాహ్నం వుడ్స్ తరుముకొచ్చినా మూడు హోల్స్ మిగిలి ఉండగా స్కాట్ ఇంకా రెండు ముందే.

34వ హోల్. గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద వుడ్స్ మార్కర్, అంటే బంతి చోట గుర్తుగా పెట్టిన నాణెం, స్కాట్ పట్ దారిలో ఉంది. స్కాట్ జరపమని అడిగాడు. జరిపే పద్ధతి ఇది: నాణెం పక్కన పట్టర్ (పట్ వేసే కర్ర) తల ఆనించి, దూరంగా కదలని దేన్నైనా, ఒక చెట్టునో స్తంభాన్నో, గురిగా పెట్టుకుని, నాణేన్ని పట్టర్ తల రెండో చివరికి మార్చాలి. ఎదుటివాడి పట్ అయ్యాక అదే గురితో, అదే కొలతతో వెనక్కి తెచ్చి, అప్పుడు బంతి పెట్టి, ఆపైన నాణెం తీయాలి. స్కాట్ తన పట్ వేసి పార్ (ఆ హోల్‌కి నిర్ణయించినన్ని స్ట్రోకులు) చేశాడు. వుడ్స్ బర్డీ (పార్ కన్నా ఒకటి తక్కువ) పట్ గురించే ఆలోచిస్తూ, జరిపిన నాణెం దగ్గరే బంతి పెట్టేశాడు.

అక్కణ్ణుంచి బంతిని కొట్టి ఉంటే తప్పు చోటు నుంచి ఆడినట్టే. మ్యాచ్ ప్లేలో దానికి శిక్ష ఆ హోల్ పోవడం. స్కాట్ మూడు ముందు, మిగిలినవి రెండు. 3 అండ్ 2, కప్పు స్కాట్‌ది. అదే స్ట్రోక్ ప్లేలో అయితే మామూలుగా రెండు స్ట్రోకులు కలిపి ముందుకు పొమ్మంటారు. ఇంకో సంగతి గమనించండి. మ్యాచ్ ప్లేలో ఎదుటివాడి పొరపాటు చూసీ చూడనట్టు ఊరుకోవచ్చు, అది నిబంధనల్లో తప్పు కాదు. ఇద్దరూ కూడబలుక్కుని నిబంధనను పక్కన పెడితేనే అనర్హత. పొరపాటు ఇంకా జరగనే లేదు కూడా. స్కాట్ నోరు మూసుకుని నిలబడి, వుడ్స్ పట్ కొట్టాక చెయ్యెత్తినా ఎవరూ వేలెత్తి చూపే వీల్లేదు.

అతను మాత్రం మార్కర్ వెనక్కి జరిపావా అని అడిగాడు. వుడ్స్ ఆగి, సరిచేసుకుని, బర్డీ వేశాడు. 35వ హోల్లో ఇంకా చాలా దూరపు బర్డీ వేసి సమం చేశాడు. 38వ హోల్లో గెలిచాడు. ఆ వారంలోనే ప్రొఫెషనల్ అయ్యాడు. వరసగా మూడుసార్లు గెలిచినవాడు నేటికీ అతనొక్కడే, ఆ మూడోది నిలబడింది స్కాట్ నోటిమాట మీద.

పేరులో ఉన్న "అమెచ్యూర్" సంగతి కూడా ఒక మాట. ఒకప్పుడు ఈ విషయంలో చాదస్తం అంతా ఇంతా కాదు. 1913 యూఎస్ ఓపెన్, 1914 అమెచ్యూర్ గెలిచిన ఫ్రాన్సిస్ ఉయిమెట్‌కి ఆట సామాన్ల దుకాణంలో వాటా ఉందని 1916లో అమెచ్యూర్ హోదా తీసేశారు, రెండేళ్లకు తిరిగిచ్చారు. 1955, 56 విజేత హార్వీ వార్డ్‌ను ఖర్చులు యజమాని పెట్టుకున్నాడని 1957లో సస్పెండ్ చేశారు. 2022 నుంచి స్పాన్సర్ల డబ్బు తీసుకోవచ్చన్నారు. అలాగని పెద్ద ప్రైజ్‌మనీ మాత్రం అంటుకోనివ్వరు. 2023 విజేత నిక్ డన్‌లప్ 2024 జనవరిలో అమెచ్యూర్‌గానే ప్రొఫెషనళ్ల పీజీఏ టూర్ పోటీ ఒకటి గెలిస్తే, 15 లక్షల డాలర్లకు పైగా ఉన్న మొదటి బహుమతి రెండో స్థానంలో వచ్చినవాడి ఖాతాలో పడింది. టోపీ మీద కంపెనీ పేరు తగిలించుకుని డబ్బు తీసుకోవచ్చట, ఆడి గెలిచిన పెద్ద డబ్బు తీసుకోకూడదట.

మన తెలుగువాళ్లెవరైనా గెలిచారా అని ఎలాగూ అడుగుతారు. హైదరాబాద్ నుంచి వెళ్లిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్ పెద్ద అవార్డులు మూడూ అందుకున్నాడు, 2023లో పీజీఏ టూర్‌లోనూ గెలిచాడు. ఈ కప్పు మీద మాత్రం ఆయన పేరు లేదు.

మీరే ఎప్పుడైనా మార్కర్ జరపాల్సి వస్తే నాణేన్ని తిరగేసి పెట్టండి. రోజూ బొమ్మ పైకి పెట్టేవాళ్లయితే జరిపినప్పుడు బొరుసు పైకి. బంతి పెట్టడానికి వంగినప్పుడు బొరుసు కనిపించిందంటే, ముందు పట్టర్ తల ఆనించి నాణెం వెనక్కి జరపాలన్నమాట.