‘కలివికోడి నమూనా’ అంటే అసలుదా, బొమ్మా?

సందేహం: మా కళాశాల ప్రదర్శనశాలలో ‘ప్రకృతి మీద మనిషి ప్రభావం’ అనే విభాగం పెడుతున్నాం. మా ప్రాంతపు అరుదైన పక్షి కలివికోడికి ‘కలివికోడి నమూనా’, ‘1986లో కనుగొనబడినది’, ‘అంతరించబడిన పక్షి’ అని లేబుళ్లు రాశాం. ‘బడు’ ఎక్కడా వాడకూడదని ఒకరు, శాస్త్రభాషకు అదే నిండుదనమని ఇంకొకరు అంటున్నారు. ఏది సరి? – ఒక అధ్యాపకురాలు, కడప

సమాధానం: ‘బడు’ కన్నా ముందు ‘నమూనా’ సంగతి తేల్చాలి. అనంతపురం రైతుకు ‘మట్టి నమూనా’ అంటే పొలంలో ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి తీసేస్తూ అరకిలోకు తెచ్చిన మట్టి. అది అసలుదే. ‘నమూనా ఓటుపత్రం’ మాత్రం అసలుది కాదు, దాన్ని పోలినది. వాడుకలో రెండూ సరే. ప్రదర్శనశాలలో అలా కుదరదు. దూది కూరిన అసలు చర్మమూ ఫైబర్ పక్షీ ఒకే అద్దాల బీరువాలో ఉంటే చూసేవాళ్లు పోల్చుకోలేరు. పరిశోధనకు పనికొచ్చేది మొదటిదే.

స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఒక కలివికోడి గుడ్డు ఉంది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర సేకరించారు. అది కలివికోడిదేనని డీఎన్‌ఏ పరీక్షతో 2013లో బయటపడింది. దాని లేబుల్ మీద ‘సేకరణ 1917, గుర్తింపు 2013’ అని రెండు మాటలూ పడాలి. రెంటినీ కలిపి ‘కనుగొనబడినది’ అంటే ఏ ఏడాది ఏం జరిగిందో పోతుంది. కాబట్టి మీరు ‘కలివికోడి – ఫైబర్ బొమ్మ’ అనో, ‘అసలు చర్మం’ అనో తేల్చి రాయండి. ‘బొమ్మ’ చిన్నతనంగా తోస్తే ‘ప్రతిరూపం’ ఉంది.

సేకరించిన చోటు రాసేటప్పుడు ఊరి పేరు ముందు, జిల్లా తర్వాత. బట్టమేకపిట్టల అభయారణ్యం ఉన్న రోళ్లపాడు 2022 దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. చీటీ మీద ఒట్టి ‘కర్నూలు జిల్లా’ అని ఉంటే యాభై ఏళ్ల తర్వాత ఆ చోటు వెతకడం ఎవరి తరమూ కాదు.

ఇక ‘అంతరించబడిన’ తప్పు. అంతరించు అకర్మకం, అంటే కర్మ అక్కర్లేని క్రియ; దానికి కర్మణి రూపం (‘చేయబడు’ లాంటిది) లేదు. పైగా ఈ పక్షి విషయంలో ‘అంతరించిన’ అన్నా తప్పే. 1848లోనే శాస్త్రానికి తెలిసిన పక్షి, 1900 తర్వాత జాడ లేదనుకున్నది, 1986లో సిద్ధవటం దగ్గర మళ్లీ కనబడింది. ‘అంతరించే ప్రమాదంలో ఉన్న’ అనండి. ‘1986లో కనుగొనబడినది’ తీసేసి ‘1986లో మళ్లీ కనబడింది’ అని పెట్టండి.

‘కనబడింది’లోనూ ‘బడు’ ఉందిగా అంటారేమో. కనబడు, వినబడు ఎప్పుడో సొంత క్రియలైపోయాయి. వాటిని తీసేయమన్నవారు అతి చేస్తున్నారు. ‘పలచబడు’, ‘నల్లబడు’ సంగతి ఇంకా వేరు, అక్కడ ‘బడు’ అంటే ‘అవు’ అనే. ఉదాహరణకు, బ్రిటన్‌లో పెరెగ్రిన్ డేగల గుడ్లు గూళ్లలోనే పగిలిపోతుంటే, డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త సేకరణల్లోని పాత పెంకులను కొత్తవాటితో పోల్చాడు. మందం పోల్చడానికి పెంకు పగలగొట్టక్కర్లేదు: మిల్లీగ్రాముల బరువును, మిల్లీమీటర్ల పొడవును వెడల్పుతో గుణించగా వచ్చినదానితో భాగిస్తే చాలు. 1940ల చివరి నుంచి పెంకులు పలచబడ్డాయని 1967లో ప్రకటించాడు. కారణం డీడీటీ అనే పురుగుమందు. ఇక్కడ ‘పలచబడ్డాయి’ చక్కని తెలుగు. ‘పలచన చేయబడ్డాయి’ అంటే మాత్రం ఎవరు చేశారో చెప్పని అధికార భాష.

మీ విభాగం మనిషి చేసిన పని గురించి కదా, వాక్యంలో మనిషి కనబడాలి. ‘ఆవాసం కోల్పోబడింది’ బదులు, ‘పొదలు నరికి నేల చదును చేశారు, కలివికోడికి తిరిగే చోటు పోయింది’ అని రాయండి.