ముందు వంటింటి కప్పు, తర్వాతే టైల్సు

చి.ల.సౌ. కల్యాణికి మామయ్య ఆశీస్సులు.

బందరు ఇల్లు అమ్మే మాట మానేసి, బాగు చేయించి నువ్వే ఉంటానన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నా మేనకోడలు ఆ ఇంట్లో దీపం పెడుతుందంటే ఎంత సంతోషమో రాయలేను. ఆ వెంటనే, టైల్సు చూసి అడ్వాన్సు కూడా ఇచ్చి వచ్చావని చెప్పింది. అప్పటి నుంచి మనసు మనసులో లేదు తల్లీ.

టైల్సు ఆఖర్న వచ్చే పని. ముందు డాబా, తర్వాత కప్పు, ఆ తర్వాత పైపులు, వైర్లు, ప్లాస్టరింగు, నేల, రంగులు. ఈ వరస తప్పితే చేసిన పనే పగలగొట్టి మళ్ళీ చేయించాలి. దుకాణం వాళ్ళతో మాట్లాడి సరుకు సంక్రాంతి తర్వాత తీసుకుంటానని చెప్పు. లెక్కకు వచ్చినదాని మీద నూటికి పది ఎక్కువ తీసుకో. అన్ని పెట్టెల మీదా ఒకే బ్యాచి నంబరు ఉండాలి, లేకపోతే హాల్లో సగం ఒక రంగు, సగం ఇంకో రంగు అవుతుంది. టైల్సు గురించి ఇంతే.

ఇప్పుడు వంటింటి కప్పు సంగతి. దీన్ని నెమ్మదిగా చదువు.

ఆ శ్లాబు 1984లో వేసింది. పొయ్యిగట్టు మీద పెచ్చులు ఊడినప్పుడల్లా మేస్త్రీని పిలిచి, ఊడినంత మేర సిమెంటు పూయించి సున్నం కొట్టించాం. అలా మూడుసార్లు. ఆ మూడుసార్లూ చేసింది తప్పే. పూయించమన్నది నేనే కాబట్టి నీకు చెప్పాల్సిన బాధ్యతా నాదే.

పెచ్చు ఊడటం జబ్బు కాదు, లోపల చువ్వ తుప్పు పడుతోందన్న గుర్తు. మంచి కాంక్రీటులో ఉన్నంత కాలం ఇనుముకు సిమెంటులోని క్షారమే కాపలా. పైనుంచి చెమ్మ దిగుతూ, దానికి బందరు గాలిలోని ఉప్పు తోడైతే ఆ కాపలా పోతుంది. ఇనుము తుప్పుగా మారితే రెండు మూడు రెట్లు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కింది కాంక్రీటును తోసేస్తుంది, పెచ్చు రాలుతుంది. తుప్పు తీయకుండా మీద మాలు పూస్తే లోపల అది పెరుగుతూనే ఉంటుంది, బయటికి మాత్రం కప్పు కొత్తగా కనిపిస్తుంది. పైగా ఉప్పు పట్టిన పాత శ్లాబులో ఒక చోట కొత్త మాలు వేస్తే, దాని అంచు పక్కన ఉన్న పాత చువ్వ ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. రెండోసారి పెచ్చు మొదటి అతుకు పక్కనే ఊడింది అందుకే. అప్పుడు అది అర్థం కాలేదు.

సరైన పద్ధతి ఇది. ముందుగా కప్పు కింద సరుగుడు బాదులు గానీ ఇనుప జాకీలు గానీ మూడేసి అడుగులకు ఒకటి చొప్పున నిలబెట్టించు. పైన పలకలు, కింద కూడా పలకలు వేసి బిగించాలి. ఆ తర్వాతే ఎవరైనా సుత్తి ఎత్తాలి. చిన్న సుత్తితో కప్పంతా తట్టిస్తే డొల్లగా మోగిన చోటు తెలుస్తుంది, అక్కడల్లా సుద్దముక్కతో గీయించు. డొల్ల ఉన్నంత వరకే కాదు, తుప్పు లేని ఇనుము కనబడేదాకా చెక్కాలి. చువ్వ వెనక కూడా వేలు దూరేంత ఖాళీ చేయాలి. మేస్త్రీలు సరిగ్గా ఇక్కడే తొందరపడతారు, చువ్వ కింది వైపు గీకి వదిలేస్తారు. వెనక వైపు తుప్పు ఉండిపోతే పనంతా వృథా.

వైర్ బ్రష్‌తో చువ్వ మెరిసేదాకా రుద్దించాక మందం కొలవాలి. 8 మిల్లీమీటర్ల చువ్వ 7కు వచ్చిందంటే దాదాపు నాలుగో వంతు బలం పోయినట్టే. అలాంటి చోట పక్కన కొత్త చువ్వ కట్టాలి, మంచి ఇనుము మీద రెండు వైపులా 16 అంగుళాల చొప్పున అతుకు ఉండాలి. తర్వాత చువ్వకు జింకు ప్రైమరు రెండు పూతలు. పాత కాంక్రీటుకు బాండింగ్ కోటు, అంటే కొత్త మాలు పట్టుకునేలా చేసే పూత వేసి, అది ఆరిపోకముందే, జిగటగా ఉండగానే పాలిమర్ మాలు (మరమ్మతుల కోసం సంచుల్లో వచ్చే మాలు) ఎక్కించాలి. ఒక్కసారే మందంగా కొడితే బరువుకు జారిపోతుంది, అర అంగుళానికి మించకుండా పొరలు పొరలుగా వేయాలి. ఈ మాలుకు మామూలు ప్లాస్టరింగులా వారం రోజులు నీళ్ళు పట్టరు, సంచి మీద ఎలా రాసి ఉంటే అలా చేయించు. బాదులు మాత్రం రెండు వారాల దాకా కదిలించవద్దు.

చువ్వలు చాలా చోట్ల సన్నబడి ఉంటే ఈ మరమ్మతు చాలదు, శ్లాబు తీసి కొత్తది వేయాలి. ఆ నిర్ణయం మేస్త్రీది కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరుది. ఆయన ఫీజు దగ్గర బేరమాడకు.

ఇదంతా చేసి పైనుంచి చెమ్మ ఆపకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. వంటింటి మీదే నీళ్ళ ట్యాంకు ఉంది కదా. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, ఓవర్‌ఫ్లో నీళ్ళు కూడా అక్కడే పడతాయి. దాన్ని అక్కడి నుంచి తీయించి, కింద తొమ్మిదంగుళాల గోడలు కలిసే మూల మీద దిమ్మెలు కట్టించి పెట్టించు. డాబాకు వాటం పది అడుగులకు అంగుళంపావు ఉండాలి, తూము వైపు. పిట్టగోడా శ్లాబూ కలిసే మూలలోంచే ఎక్కువగా నీళ్ళు దిగుతాయి. ఆ మూల గీకించి గుండ్రంగా గోలా కట్టించు. పగుళ్ళను వి ఆకారంలో తెరిచి నింపించాక వాటర్‌ప్రూఫ్ పూత రెండు చేతులు, పిట్టగోడ మీద అడుగు ఎత్తు దాకా. అప్పుడు తూము మూసి రెండంగుళాల నీళ్ళు 48 గంటలు నిలబెట్టు. ఆ నీళ్ళే చదరపు మీటరుకు 50 కిలోలు తూగుతాయి, బాదులు లేకుండా ఈ పరీక్ష చేయవద్దు. బాత్‌రూములకూ టైల్సు వేసే ముందు ఇదే పరీక్ష, పైపులకు చేతిపంపుతో ప్రెషరు పరీక్ష.

ఇంకో భయం ఉంది నాకు. హాలుకూ వంటింటికీ మధ్య గోడ తీసేసి ఒకటే చేద్దామనుకున్నావట. ఆ ఇంటికి పిల్లర్లు లేవమ్మా. శ్లాబును మోస్తున్నది ఆ తొమ్మిదంగుళాల గోడలే. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ సంగతి వేరు, అదైనా ఇంజనీరును అడిగాకే. హాలుకూ వంటింటికీ మధ్య ఉన్న ఈ గోడ జోలికి మాత్రం పోవద్దు. నువ్వు చిన్నపిల్లవు కాదు, తెలుసు. ఇలా కట్టడి చేస్తుంటే కోపం వస్తుందనీ తెలుసు. అయినా ఈ ఒక్క మాట విను. వెలుతురు కావాలంటే తూర్పు కిటికీని ఉన్న లింటెలు (కిటికీ పైన గోడ బరువు మోసే దూలం) కిందే కిందికి దించుకో, వెడల్పు పెంచకు. వైర్ల కోసం గోడలో గాడి అడ్డంగా కొట్టిస్తే ఒకటిన్నర అంగుళం లోతు దాటకూడదు, వీలైనంత వరకు నిలువుగానే కొట్టించు.

కరెంటు పాతదంతా మార్చెయ్. లైట్లకు ఒకటిన్నర, ప్లగ్గులకు రెండున్నర, ఏసీకీ గీజరుకూ నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి), మంచి ఎర్తింగు తప్పనిసరి. ప్లాస్టరింగుకు ముందు ప్రతి గోడకూ టేపు పెట్టి ఫోటోలు తీసుకో, రేపు మేకు కొట్టేటప్పుడు పనికొస్తాయి.

ప్లాస్టరింగుకు గోడకైతే సిమెంటు ఒకటికి ఇసుక ఆరు, కప్పుకైతే ఒకటికి నాలుగు. ఇసుక నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉండకూడదు. మీ బోరు నీళ్ళు ఉప్పన, మాలు కలపడానికి కుళాయి నీళ్ళే వాడించు. గోడ పూర్తిగా ఆరకముందే పుట్టీ పెడితే పొరలు లేస్తాయి. రంగుల వాడు తొందరపెడితే వారం తర్వాత రమ్మను.

డబ్బు పని జరిగినంత మేరకే ఇవ్వు, కొలతలు ఒక నోటుపుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. నూటికి పది ఆపుకో, మొదటి వాన పడ్డాక ఇస్తానని ముందే చెప్పు. అనుకున్న బడ్జెట్ మీద అయిదో వంతు విడిగా పెట్టుకో, కప్పు తెరిచాకే అసలు ఖర్చు తెలుస్తుంది. డాబా పని జనవరి, ఫిబ్రవరిలో అయిపోవాలి. కార్తీకంలో తుపాను భయం, రోహిణి ఎండలకు మాలు నీరు పట్టేలోపే పగులుతుంది.

బాదులు నిలబెట్టే పని మాత్రం సంక్రాంతి దాకా ఆపకు, ఈ వారమే చేయించు. అప్పటిదాకా మీ అమ్మ ఆ కప్పు కింద వంట చేయకూడదు. గ్యాసు పొయ్యి వరండాలోకి మార్పించు. తను వద్దంటుంది, నేను చెప్పానని చెప్పు. బాదులు పెట్టాక ఒక ఫోటో పంపించు, అది చూశాక గానీ నాకు నిద్ర పట్టదు.

మీ మామయ్య