బీరువాలో చీమల పెట్టె

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. ఊరు హన్మకొండ, జువాలజీలో పీజీ చేశాను. పెళ్లై రెండు నెలలైంది, ఇప్పుడు జగిత్యాలలో అత్తగారింట్లో ఉంటున్నాను. మా పెరట్లో మునగ చెట్టు ఎండు కొమ్మలో దొరికిన సన్నటి నల్ల చీమల గుంపును రెండేళ్లుగా చిన్న అద్దాల పెట్టెలో పెంచుతున్నాను. ఈ సంగతి పెళ్లికి ముందే ఆయనకు చెబితే సరేనన్నారు. ఇక్కడికి తెచ్చాక అత్తమ్మ ‘కోడలు బంగారం తెస్తదనుకుంటే చీమలను తెచ్చింది’ అని చుట్టాల ముందు అన్నారు. ఆయన పక్కనే ఉండి ఒక్క మాట మాట్లాడలేదు. వంటింట్లో చక్కెర డబ్బాకు చీమలు పట్టినా నా వల్లే అంటున్నారు. ‘పారేశాను’ అని అబద్ధం చెప్పి పెట్టెను బీరువాలో చీరల వెనక దాచాను. దాన్ని చూస్తేనే మా ఇల్లు గుర్తొస్తుంది. రోజూ టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ పెట్టెను బీరువాలోంచి తీయండి. చీరల మధ్య కలరా ఉండలు వేసి ఉంటే ఆ ఘాటుకే చీమలు చచ్చిపోతాయి. దోమల మందు మెషీన్ పెట్టే గదీ, చీమల చాక్‌పీస్ గీసిన గోడ పక్కనా వాటికి ప్రమాదమే. మీరు జువాలజీ చదివారు, ఇవన్నీ మీకు తెలుసు. తెలిసీ అక్కడ దాచారంటే ఎంత భయపడ్డారో అర్థమవుతోంది.

అబద్ధం విషయంలో మాత్రం మీ పక్షం మాట్లాడలేను. ఇల్లు అత్తమ్మది. అందులోకి ఏం వస్తోందో ఆమెకు ముందు చెప్పాల్సింది. ఆయనకు చెప్పారు సరే, ఆమెకు ఎవరు చెప్పారు? ‘చెబుతాడులే’ అని మీరు, ‘చెబుతుందిలే’ అని ఆయన అనుకుని ఉంటారు. చుట్టాల ముందు ఆమె అన్న మాట తప్పే. దానికి మీ మనసు నొచ్చుకోవడం సహజం. కానీ మీ ఉత్తరం రెండు మూడు సార్లు చదివాక నాకు అనిపించింది ఒకటే. మీకు అత్తమ్మ మాట కన్నా ఆయన మౌనమే ఎక్కువ గుచ్చుకుంది. తల్లిగారిల్లు వదిలి వచ్చిన రెండు నెలలకే ‘నా తరఫున ఎవరూ లేరు’ అనిపించడం చిన్న బాధ కాదు.

కాబట్టి ముందు ఆయనతో మాట్లాడండి. పడుకునే ముందు గొడవలా కాకుండా, బయటకు నడిచి వెళ్లినప్పుడు చెప్పండి. ‘మీ అమ్మను ఏమీ అనకండి, “నాకు ముందే తెలుసు, నేనే సరేనన్నాను” అని మాత్రం ఆమెకు చెప్పండి’ అని అడగండి. అంతకు మించి అడగొద్దు. ఆ మాట ఆయన నోట వచ్చాక ఇద్దరూ కలిసి పెట్టెను తీసుకెళ్లి అత్తమ్మకు చూపించండి. పారేయలేదని, భయపడి దాచానని మీరే ఒప్పుకోండి.

చీమలు కుడతాయని ఆమె భయపడితే అందులోనూ న్యాయం ఉంది. చెట్ల మీద ఉండే మీ చీమల దగ్గరి రకాల్లోనే నడుము భాగం ఎర్రగా, తల, పొట్ట నల్లగా ఉండే పెద్ద చీమ ఒకటుంది. అది కుడితే మంట భరించలేం. పడని వాళ్లకు ప్రాణం మీదకు కూడా వస్తుంది. మీ దగ్గరున్నది అదైతే మాత్రం ఇంట్లో వద్దు. మీరు రాసినట్టు సన్నటి నల్లవే అయినా కొండి ఉంటుంది, చేత్తో ముట్టుకోనివ్వకండి.

చక్కెర డబ్బా సంగతి తేల్చడం తేలిక. వంటింటి చీమలు గోడ పగుళ్లలోంచి బారులు తీరి వస్తాయి. మీవి పెద్ద కళ్లతో, ఒక్కొక్కటిగా తిరుగుతూ తిండి వెతుక్కునే రకం. రెండింటినీ ఫోన్‌లో ఫొటో తీసి పక్కపక్కన చూపించండి. అయినా తీపి దొరికితే మీవీ వదలవు కదా, కాబట్టి మీవి బయటకు రావని ఆమెకు నమ్మకం కలగాలి. పాల గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టడం ఆమెకు మీకంటే బాగా తెలుసు. పెట్టెను కూడా అలాగే పళ్లెంలో పెడతానని చెప్పండి. ఎంత వెడల్పు పళ్లెం కావాలో, ఎక్కడ పెట్టాలో ఆమెనే అడగండి. ఎండ తగలని వరండా మూల దొరికితే చాలు. మన దగ్గర మే నెల ఎండకు రేకుల కింద పెడితే ఒక్క మధ్యాహ్నం కూడా బతకవు.

అన్నీ చెప్పినా ఆమె ‘వద్దు’ అంటే? పట్టుబట్టకండి. కొన్నాళ్లు హన్మకొండలో మీ అమ్మ దగ్గర ఉంచండి, లేదా చీమలున్న ఆ ఎండు కొమ్మను మీ మునగ చెట్టుకే కట్టేయండి. అక్కడివే కాబట్టి ఆ చెట్టుకేం నష్టం లేదు. కానీ ఆ నిర్ణయం మీరిద్దరూ కలిసి తీసుకోండి. మళ్లీ మీరొక్కరే బాధను దిగమింగుకోవద్దు.

ఆషాఢం వస్తోంది. ఎలాగూ నెల రోజులు తల్లిగారింటికి వెళ్తారు. అత్తమ్మ ఒప్పుకుంటే పెట్టెను వెంట తీసుకెళ్లకండి, ఆయనకు అప్పజెప్పి వెళ్లండి. వారానికి రెండుసార్లు చక్కెర నీళ్ల చుక్క, చీమల పిల్ల పురుగుల కోసం ఒక చిన్న ఈగ చాలు. మరిచిపోతారేమోనని రోజూ ఫోన్ చేయకండి. తిండి రెండు రోజులు ఆలస్యమైనా ఏం కాదు. వాటి నీళ్ల కోసం పెట్టెలో ఉంచే దూదిలో తడి మాత్రం ఆరకూడదు. ఆ ఒక్కటీ చీటీ మీద రాసి పెట్టెకు అంటించండి.