గేటు ఫొటో, 250 రూపాయల కూపన్

ప్రశ్న: మేడమ్, నాకు 31 ఏళ్లు. ప్రొద్దుటూరులో తొమ్మిదేళ్లు కాపురం చేశాను. తాగినా కొట్టేవాడు, తాగకపోయినా కొట్టేవాడు. మూడుసార్లు పెద్దమనుషుల్లో పంచాయితీ అయింది. చివరిసారి గొంతు పట్టుకున్నాడు. తెల్లారే పాపను తీసుకుని అనంతపురం బస్సెక్కాను. రెండేళ్లవుతోంది. బట్టల షాపులో బిల్లింగ్ చేస్తున్నాను, పాప మూడో తరగతి. మేమెక్కడుంటున్నామో మా అన్నకు తప్ప ఎవరికీ తెలీదు.

పోయిన నెల పాపకు స్కూలు షూస్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. అకౌంటు కొత్తది, ఫోన్ నంబరు కొత్తది, ఈమెయిల్ మాత్రం పాతదే పెట్టాను. వారం తర్వాత తెలియని నంబరు నుంచి వాట్సాప్‌లో మా ఇంటి గేటు ఫొటో వచ్చింది. కింద 'గేటుకు రంగు బాగుంది' అని ఉంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, 'మీ హస్బెండ్ కాల్ చేశారు మేడమ్. మీ ఈమెయిల్ ఐడీ చెప్పి పార్సిల్ రాలేదన్నారు, అడ్రస్ కన్ఫర్మ్ చేశాం' అనింది ఆ అమ్మాయి. కంప్లెయింట్ పెడితే 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని మెయిల్ పంపి 250 రూపాయల కూపన్ ఇచ్చారు. మా అన్న 'వాడొచ్చి ఏమీ చేయలేదు కదా, కంపెనీలతో మనకెందుకు, ఊరకుండు' అంటున్నాడు. రాత్రిళ్లు నిద్ర లేదు. మళ్లీ ఊరు మారాలా? కంపెనీని అడిగే హక్కు నాకుందా? ఈమెయిల్ మార్చకపోవడం నా తప్పేనా? (పేరు వద్దు)

జవాబు: అమ్మా, మీరు ఎవరో పోల్చుకునే వీలున్న వివరాలన్నీ తీసేశాను, కొన్ని మార్చాను. ఒకరి నోటి నుంచి అడ్రస్ బయటపడి మీరు ఇంత అవస్థ పడుతుంటే నేనూ అదే పని చేయకూడదు కదా.

మీ మూడో ప్రశ్న ముందు తీసుకుంటాను, ఎందుకంటే నిద్ర పట్టనివ్వనిది అదే అనిపిస్తోంది. మీ తప్పు కాదు. బిడ్డకు షూస్ కొన్నారు, అంతే. కంపెనీ మీ అడ్రస్ తీసుకున్నది పార్సిల్ ఇవ్వడానికి, అడిగినవాడికల్లా చదివి వినిపించడానికి కాదు. వంద రూపాయల రీఫండ్ కావాలంటే మనల్ని ఓటీపీ అడుగుతారు. ఇంటి నంబరుతో సహా అడ్రస్ చెప్పడానికి మాత్రం ఏమీ అడగలేదు. మన దగ్గర 'నేను ఆమె భర్తను' అన్న మాటే ఓటీపీ. బ్యాంకులో, బడిలో, ఆసుపత్రిలో, ఎక్కడైనా ఆ మాటతో తలుపులు తెరుచుకుంటాయి. ఆ కస్టమర్ కేర్ అమ్మాయి కూడా అదే అలవాటులో చెప్పి ఉంటుంది.

'గేటుకు రంగు బాగుంది' అన్న మాట మీ అన్నకు రంగు గురించి అన్నట్టే ఉంటుంది. పోలీస్ స్టేషన్‌లో చూపించినా 'ఇందులో బెదిరింపు ఏముందమ్మా' అనొచ్చు. మీకు మాత్రం అర్థమైంది, 'నీ ఇల్లు నాకు తెలుసు' అని. మీకు అర్థమైందే సరైనది. అతనితో తొమ్మిదేళ్లు ఉన్నది మీరు.

ఇంకో మాట, భయపెట్టడానికి కాదు గానీ దాచకూడదు. గొంతు పట్టుకున్న చరిత్ర ఉన్న మనిషి విషయంలో మాలాంటివాళ్లు చాలా జాగ్రత్తగా ఉంటాం. చెంపదెబ్బ వేరు, గొంతు వేరు. గొంతు నులిమినవాడు తర్వాత ప్రాణం మీదికి తెచ్చే అవకాశం ఎక్కువ. విడిపోయిన ఆడమనిషిని వెతుక్కుంటూ రావడం దానికి తోడైతే, 'ఏమీ చేయలేదు కదా' అని కూర్చోవడానికి లేదు. అందుకే ఈ కొన్ని రాత్రులు మీరూ పాపా ఆ ఇంట్లో ఒంటరిగా పడుకోవద్దు. షాపులో నమ్మకమైన అక్క ఎవరైనా ఉంటే వాళ్లింట్లో ఉండండి. లేదంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. జిల్లా కేంద్రంలో సఖి సెంటర్ ఉంటుంది. అక్కడ ఐదు రోజుల వరకు ఉండనిస్తారు, పోలీసు సాయం, వకీలు సాయం అక్కడి నుంచే మొదలుపెడతారు. గేటు దగ్గర కనిపిస్తే మాత్రం ఎవరికీ నచ్చజెప్పుకుంటూ కూర్చోకుండా నేరుగా 112.

ఇంటి ఓనరమ్మకు నిజం చెప్పండి. చెబితే ఖాళీ చేయమంటారేమోనని మీ భయం నాకు తెలుసు. ఒంటరి ఆడవాళ్లకు ఇల్లు దొరకడం ఎంత కష్టమో కూడా తెలుసు. కానీ చెప్పకపోతే రేపు అతను మర్యాదగా వచ్చి 'మా ఆవిడ అలిగి వచ్చింది, నచ్చజెప్పి తీసుకుపోతాను' అంటే ఆమే తలుపు తీసి కూర్చోబెట్టి కాఫీ ఇస్తుంది. అతని ఫొటో చూపించి, అతను వస్తే 'వాళ్లు ఇక్కడ లేరు' అనమని అడగండి. ఇది చాలా ఇళ్లలో పనిచేసింది.

ఇక మీ ఫోన్. కస్టమర్ కేర్ అమ్మాయి చెప్పడం ఒక్కటే దారి అనుకోవద్దు. ఆ పాత ఈమెయిల్ పాస్‌వర్డ్ అతనికి తెలుసేమో, కాపురంలో ఉన్నప్పుడు ఫోన్ అతనే కొనిచ్చి అకౌంటు అతనే తెరిచిపెట్టాడేమో గుర్తు తెచ్చుకోండి. అలాగైతే మీ ఆర్డర్ మెయిళ్లు అతనికీ కనిపిస్తున్నట్టే. ఆ అకౌంటు ఏయే ఫోన్లలో తెరిచి ఉందో సెక్యూరిటీ సెట్టింగుల్లో కనిపిస్తుంది. ముందు దాన్ని స్క్రీన్‌షాట్ తీయండి, తర్వాతే పాస్‌వర్డ్ మార్చి మిగతా ఫోన్లన్నిటి నుంచీ లాగౌట్ చేయండి. తొందరపడి ముందే మార్చేస్తే సాక్ష్యం పోతుంది. మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఎవరికైనా ఉందేమో చూడండి. ఆధార్‌కు, బ్యాంకుకు ఇప్పటికీ అతని నంబరే ఉంటే మార్పించండి. అడ్రసులు, బ్యాలెన్సులు చెప్పే మెసేజ్‌లు ఆ నంబరుకే పోతుంటాయి. ఇదంతా తోటి ఉద్యోగి ఫోన్‌లో చేస్తే మేలు. ఆ గేటు ఫొటో, అది వచ్చిన నంబరు, తేదీ, టైము అలాగే ఉంచండి. కోపంతో డిలీట్ చేయొద్దు, జవాబూ ఇవ్వొద్దు.

కంపెనీని అడిగే హక్కు ఉందా అన్నారు. ఉంది, గట్టిగా ఉంది. వినియోగదారు నమ్మి ఇచ్చిన సొంత వివరాలను మరొకరికి చెప్పడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. కంపెనీ ఆఫీసు ఏ మహానగరంలో ఉన్నా, మీరు ఉండేది అనంతపురం కాబట్టి ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. కొన్న సరుకు ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, మీరు కొన్నది ఒక జత షూస్. రెండేళ్ల గడువుంది, కాబట్టి ఈ వారమే పరుగెత్తాల్సిన పని ఇది కాదు.

ఈ వారం చేయాల్సింది వేరే ఉంది. ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి కంపెనీకీ గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, ఆ పేరు, ఈమెయిల్ సైట్‌లో కనిపించాలి. 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. ఇవి 2020లో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్. కస్టమర్ కేర్ చాట్‌లో కాదు, ఆ ఆఫీసర్‌కే రాయండి. కొత్త ఈమెయిల్ ఒకటి తెరిచి అందులోంచి రాయండి. మీరు ఇల్లు మారితే ఆ అడ్రస్ అందులో రాయకండి. ఒకసారి చెప్పినవాళ్లు రెండోసారీ చెప్పగలరు.

ఏమడగాలంటే, ముందు ఆ కాల్ రికార్డింగు. దాన్ని చెరపకుండా భద్రం చేయమని మొదటి వాక్యంలోనే రాయండి. కాల్ రికార్డింగులను కంపెనీలు కలకాలం ఉంచవు, ఆలస్యమైతే 'లేదు' అనేస్తారు. కాల్ ఏ తేదీన, ఏ నంబరు నుంచి వచ్చింది, అడ్రస్ కాకుండా ఇంకేం చెప్పారు, ఫోన్ నంబరు కూడా చెప్పారా, ఇవన్నీ రాతపూర్వకంగా అడగండి. వాట్సాప్‌లో ఫొటో మీ కొత్త నంబరుకే వచ్చిందంటే నంబరు కూడా అక్కడి నుంచే బయటపడి ఉండొచ్చు, ఈ సంగతి మీరు గమనించినట్టు లేదు. మీ అడ్రస్ రికార్డుల్లోంచి తీసేయాలని, ఇకపై రిజిస్టర్ అయిన నంబరుకు ఓటీపీ పంపకుండా మీ వివరాలు ఎవరికీ చెప్పకూడదని రాయండి. ఇల్లు మారాల్సి వస్తే అడ్వాన్స్, సామాన్ల లారీ, పని మానుకున్న రోజుల జీతం, అన్నీ లెక్కేసి అడగండి. మొహమాటపడకండి.

ఒక్కటి మాత్రం అడగొద్దని నా సలహా: ఆ అమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేయమని. కోపం వస్తుంది, నిజమే. కానీ ఆ పిల్లను పంపించేస్తే కంపెనీకి ఎంత హాయి! 'తప్పు చేసినవాళ్లపై చర్య తీసుకున్నాం' అని ఒక మెయిల్, ఇంకో కూపన్, ఫైలు మూత. కాల్ ఎత్తిన మనిషి ముందు ఎవరి అడ్రస్సయినా తెరపై కనిపించేలా పెట్టింది ఎవరు? అడగాల్సింది వాళ్లను.

ఈ గుడ్డితనం కొత్తది కాదు, మన ఊరిదీ కాదు. 2010 ఫిబ్రవరిలో గూగుల్ జీమెయిల్‌లో బజ్ అనే సర్వీసు తెచ్చింది. మీరు ఎక్కువగా ఎవరితో మెయిళ్లు నడిపారో వాళ్లను తనంతట తానే మీకు జతచేసేది, ఆ జాబితా బయటివాళ్లకూ కనిపించేది. ఎక్కువ మెయిళ్లున్నాయంటే స్నేహితులే అని లెక్క. వదిలినా వదలకుండా వెంటపడే మాజీ భర్త కూడా ఎక్కువ మెయిళ్లే పెడతాడన్నది లెక్కలోకి రాలేదు. గగ్గోలు పుట్టాక రోజుల్లోనే మార్చారు. 2011లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ పడి, 20 ఏళ్లపాటు బయటివాళ్లతో ప్రైవసీ ఆడిట్లు చేయించుకోవడానికి గూగుల్ ఒప్పుకుంది. కంపెనీ ఎంత పెద్దదైనా అడిగితే దిగివస్తుందని చెప్పడానికే ఇది రాశాను.

మన దగ్గర 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. సరైన భద్రత పెట్టని కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా అని పేపర్లలో చదివి ఉంటారు. దాని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు పడటానికి అప్పటి నుంచి 18 నెలల గడువిచ్చారు. పైగా ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది, మీ చేతికి పైసా రాదు. మీకు పరిహారం కావాలంటే ఇవాళ్టికి దగ్గరి దారి వినియోగదారుల కమిషనే.

కంపెనీ సంగతి ఎంత తేలినా గేటు దగ్గరికి వచ్చేది కంపెనీ కాదు. అతణ్ని ఆపేది కోర్టు ఉత్తర్వు. రెండేళ్లుగా మీరు కేసేమీ వేయలేదని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. గృహ హింస చట్టం, 2005 కింద మేజిస్ట్రేటు దగ్గర రక్షణ ఉత్తర్వు తీసుకోండి. ప్రొద్దుటూరు పోనక్కర్లేదు, తాత్కాలికంగా ఉంటున్న ఊళ్లో కూడా వేయొచ్చు. ప్రమాదం ఉందని అఫిడవిట్‌లో చెబితే అతను రాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుకు ఉంది. ఇంటికి, షాపుకు, పాప బడికి రావద్దని, ఫోన్లు మెసేజ్‌లు చేయొద్దని అందులో రాయించుకోండి. అప్పుడు ఇంకోసారి గేటు ఫొటో పంపినా అదే నేరం: ఏడాది వరకు జైలు, 20 వేల వరకు జరిమానా, పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. ఇవాళ స్టేషన్‌కు పోతే 'మొగుడే కదమ్మా' అంటారు, చేతిలో ఆ కాగితం ఉంటే అనలేరు. కాగితాల్లో మీ ఇంటి అడ్రస్ అతనికి అందకుండా చూడమని వకీలుకు ముందే చెప్పండి.

వకీలు ఖర్చు గురించి ఆలోచించకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఊరు మారాలా? నేనైతే ఇప్పుడే మారొద్దంటాను. అవసరమైతే ఇల్లు మారండి, ఊరు కాదు. ఉద్యోగం, పాప బడి, షాపులో నలుగురు తెలిసినవాళ్లు, ఇవన్నీ రెండేళ్లు కష్టపడి కట్టుకున్నారు. పాత ఈమెయిల్ అలాగే ఉంచుకుని కర్నూలు పోయినా అక్కడికీ ఫొటో వస్తుంది. ఉత్తర్వు చేతికొచ్చాక కూడా భయం తగ్గకపోతే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

మీ అన్న చెడ్డవాడు కాదు, మూడు పంచాయితీలతో అలసిపోయినట్టున్నాడు. అతణ్ని ఒప్పించే పని పెట్టుకోకండి. ఒక్క మాట అడిగితే చాలు: మీ అడ్రస్ వదినకు, పిల్లలకు, పెళ్లిళ్లలో కలిసే బంధువులకు చెప్పాడా అని. కస్టమర్ కేర్ వాళ్ల కన్నా మేనత్తలే ఎక్కువ అడ్రసులు చెబుతారని నా అనుభవం.

కూపన్ వాడకండి. వాడితే రేపు 'ఆమెకు పరిహారం ముట్టింది' అంటారు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

సోమవారం పొద్దున ముందు పాప బడికి పోండి. 'నేను తప్ప ఎవరు వచ్చినా, తండ్రినని చెప్పినా, పాపను పంపవద్దు' అని హెచ్చెమ్‌కు కాగితం ఇచ్చి, దాని నకలు మీద సంతకం, తేదీ తీసుకోండి. తండ్రికీ హక్కుందని వాళ్లు నసిగితే, పాపను మీ దగ్గరే ఉంచాలని అదే గృహ హింస కేసులో అడగబోతున్నానని చెప్పండి. అక్కడి నుంచి నేరుగా న్యాయ సేవాధికార సంస్థకు. ఫోన్ చార్జింగ్ నిండుగా పెట్టుకుని పోండి, ఫొటో అందులోనే ఉంది.