చల్లటి నీటి రెగ్యులేటర్ల పని మా అబ్బాయికి నప్పుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా చేశాడు. రుషికొండ దగ్గర ఒక స్కూబా సెంటర్లో ఏడాదిగా పరికరాలు చూసుకుంటున్నాడు. చలి దేశాలకు వెళ్లి రెగ్యులేటర్ టెక్నీషియన్ అవుతానంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇది నిలిచే పనేనా? – ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, పని మంచిదే. కానీ మన బీచ్‌లో చేసిన ఏడాది అనుభవం అక్కడ సరిపోదు. ఎందుకో చెప్తాను.

సైకిల్ ట్యూబ్‌లోంచి గాలి వదులుతూ వేలు పెడితే చల్లగా తగులుతుంది కదా, రెగ్యులేటర్‌లో, అంటే సిలిండర్ గాలిని పీల్చగలిగే ఒత్తిడికి దించే పరికరంలో, జరిగేదీ అదే, కాకపోతే చాలా తీవ్రంగా. సిలిండర్‌లో 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) ఉన్న గాలిని ఫస్ట్ స్టేజ్, అంటే సిలిండర్‌కు బిగించే భాగం, ఒక్కసారిగా 9, 10 బార్‌కు దించుతుంది. ఆ దెబ్బకు లోపలి లోహం నీటిని గడ్డకట్టించేంత చల్లబడుతుంది. అండమాన్‌లో నీళ్లు 28 డిగ్రీలుంటాయి కాబట్టి లోహం వెంటనే వెచ్చబడుతుంది. ఐస్‌లాండ్‌లోని సిల్ఫ్రాలో ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే. అక్కడ స్ప్రింగ్ చుట్టూ ఐస్ కట్టి, తెరుచుకున్న వాల్వ్ మూసుకోదు. గాలి బుసబుసా పోతూనే ఉంటుంది. దీన్నే ఫ్రీ ఫ్లో అంటారు. నిమిషాల్లో సిలిండర్ ఖాళీ.

అందుకే అక్కడ అడ్జస్ట్‌మెంట్ వేరు. గాలి తేలిగ్గా రావాలని ఇక్కడ వదులుగా పెడతాం. అక్కడ ఇంటర్మీడియట్ ప్రెషర్‌ను (ఫస్ట్ స్టేజ్ దించి పంపే ఆ 9, 10 బార్ ఒత్తిడిని) కంపెనీ చెప్పిన పరిధిలోనే కాస్త తక్కువకు పెట్టి, నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్‌ను కొంచెం బిగిస్తారు. ఫస్ట్ స్టేజ్ కూడా ఎక్కువగా నీళ్లు లోపలికి చేరకుండా సీల్ చేసిన డయాఫ్రమ్ (పల్చటి పొర ఉండే) రకం వాడతారు. నింపే గాలి పొడిగా లేకపోతే మాత్రం ఇదంతా వృథా.

మీ అబ్బాయిని ఒకసారి ఆ ఇంటర్మీడియట్ ప్రెషర్ చూపే గేజ్ తగిలించి, సెకండ్ స్టేజ్ మీద గాలి వదిలే పర్జ్ బటన్ నొక్కి వదలమనండి. ముల్లు పడిపోయి, లేచి, 9.5 దగ్గరో ఎక్కడో టక్కున ఆగాలి. ఆగకుండా 10, 10.5 అంటూ మెల్లగా పాకుతోందంటే సీట్ (వాల్వ్ ఆనుకుని మూసుకునే భాగం) అరిగి ఉండొచ్చన్నమాట. వెచ్చటి నీటిలో ఇది కొన్నాళ్లు బయటపడకపోవచ్చు. చల్లటి నీటిలో ప్రాణం మీదకు తెస్తుంది. ఐదు నిమిషాలు కదలకుండా ఆ ముల్లునే చూడగలిగితే ఈ పని వాడికి పట్టుబడుతుంది. "సరేలే, పర్లేదు" అనే అలవాటుంటే దీని జోలికి పోవద్దని గట్టిగా చెప్తాను.

ఇక దారి. సర్వీసింగ్ ముఖ్యంగా నేర్పేది స్కూబాప్రో, ఎపెక్స్ లాంటి తయారీ కంపెనీలు. ఆ కోర్సుల్లోకి సాధారణంగా వాళ్ల డీలర్ల దగ్గర పనిచేసేవాళ్లనే తీసుకుంటారు. స్పేర్ కిట్లు, మాన్యువల్స్ దొరికేదీ ఎక్కువగా వాళ్లకే. డైవింగ్ సంస్థలిచ్చే ఎక్విప్‌మెంట్ స్పెషాలిటీ సర్టిఫికెట్ తీసుకోవచ్చు, కానీ దాంతో టెక్నీషియన్ అయిపోరు. పైగా చిన్న సెంటర్లు ఒక్క రిపేరు కోసమే మనిషిని పెట్టుకోవడం అరుదు. డ్రైసూట్ (ఒంటికి నీళ్లు తగలనివ్వని సూట్) డైవింగ్ వస్తే, గైడ్‌గానూ పనికొస్తే అవకాశం పెరుగుతుంది.

వీసా ఏజెంట్లకు ఇప్పుడే డబ్బు కట్టకండి. ముందు మన దేశంలో ఏ సెంటర్‌కు ఏ కంపెనీ డీలర్‌షిప్ ఉందో కనుక్కుని, అక్కడ చేరమనండి.