మాటలతో తాగుడు మానుతుందా? కౌన్సెలింగ్‌లో అసలు చేసేదేమిటి

మీ ఆయన రోజూ తాగుతారని, రెండుసార్లు ఆస్పత్రిలో పెట్టి మాన్పించినా మళ్లీ మొదలుపెట్టారని, ఇప్పుడు డాక్టరు కౌన్సెలింగ్ రాశారని, ఉత్త మాటలతో తాగుడు పోతుందా అని అడిగారు. ఉత్త మాటలతో పోదు. ఆస్పత్రి ఒంట్లోని మందును దించుతుంది, అంతే. సాయంత్రం ఆరింటికి నాలుక పీకినప్పుడు ఏం చేయాలో అక్కడ ఎవరూ నేర్పరు. ఆ పని థెరపీది, అంటే ఈ కౌన్సెలింగ్‌ది.

ముందు ఒక జాగ్రత్త. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఇంట్లో ఒక్కసారిగా ఆపకూడదు. చివరి గుక్క తర్వాత ఆరు నుంచి ఎనిమిది గంటల్లో చేతులు వణుకుతాయి, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య మతి తప్పి లేనివి కనిపించవచ్చు. ఇది ప్రాణాంతకం. తెలంగాణలో కల్తీ కల్లు అలవాటైనవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ, ఎందుకంటే అందులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. అందుకే మొదటి వారం, పది రోజులు సైకియాట్రిస్టు చూపులో, తగ్గించుకుంటూ వచ్చే మాత్రలతో, బి1 విటమిన్ ఇంజెక్షన్లతో గడవాలి. తల తేలికపడ్డాకే మాటలు ఎక్కుతాయి.

మొదటి సిట్టింగుల్లో మంచి కౌన్సెలర్ నీతులు చెప్పరు, లెక్క తీస్తారు. "రెండు పెగ్గులే" అన్న మాటను అలాగే వదలరు. 180 మి.లీ. క్వార్టర్ అంటే 30 మి.లీ. పెగ్గులు ఆరు. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు ఒకటి దాదాపు నాలుగు పెగ్గులతో సమానం. తర్వాత గడిచిన వారాన్ని గంటగంటకూ రాయిస్తారు: ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, దానికి ముందు ఏం జరిగింది, తాగాక ఏమైంది. రెండు మూడు వారాలు రాస్తే వరస బయటపడుతుంది. జీతం పడిన రోజు, మేస్త్రీతో గొడవైన రోజు, ఇంటికొచ్చే దారిలో బెల్టు షాపు, అన్నం తినకుండా ఉన్న సాయంత్రం. అక్కడి నుంచి ఒక్కోదానికీ ఒక్కో ఏర్పాటు. దారి మార్చుకోవడం, ఐదున్నరకే ఏదైనా తినేయడం, ఆయన ఒప్పుకుంటే జీతం మీ ఖాతాలో పడేలా చూసుకోవడం.

కోరిక పుట్టినప్పుడు అది పెరుగుతూనే పోతుందని, తాగితేనే తగ్గుతుందని తాగేవాళ్లు నమ్ముతారు. నిజానికి సాధారణంగా పావుగంట, అరగంటలో తారస్థాయికి చేరి దానంతటదే దిగుతుంది. ఆ అరగంట దాటడాన్ని గదిలోనే సాధన చేయిస్తారు: ఊపిరి గమనించడం, నీళ్లు తాగి బయటికి నడవడం, ముందే అనుకున్న మనిషికి ఫోన్ చేయడం. వద్దనడాన్నీ అభ్యాసం చేయిస్తారు. "మాత్రలు వాడుతున్నా" అంటే స్నేహితులు వాదనకు దిగుతారు. "తాగట్లేదురా" అని ఒక్క మాట అని అక్కడి నుంచి లేచి రావడం పనిచేస్తుంది. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ, చాలామంది జారేది ఇక్కడే.

మగవాళ్లు ఒక పట్టాన చెప్పని సంగతులు కొన్ని ఉంటాయి. నిద్ర పట్టడం లేదనో, కడుపులో మంటనో వస్తారు. లోపల అప్పు ఉంటుంది, దిగులు ఉంటుంది, భార్య మీద అనుమానం ఉంటుంది, పడకగదిలో ఇబ్బంది ఉంటుంది. ఎక్కువకాలం తాగితే అంగస్తంభన దెబ్బతింటుంది, దాంతో అనుమానం ముదురుతుంది, అది మరిచిపోవడానికి మళ్లీ తాగుతారు. ఇది బయటపడటానికి నాలుగైదు సిట్టింగులు పట్టొచ్చు. అందుకే మొదటి రెండింటికే "ఏం లాభం లేదు" అని ఆపేయకండి. సాధారణంగా వారానికి ఒకటి చొప్పున, ముప్పావుగంట పాటు, మూడు నెలలు. తర్వాత దూరం పెంచుకుంటూ ఏడాది దాకా వెళ్లాలి.

మధ్యలో ఒకరోజు తాగితే? "ఎలాగూ పడ్డాను, ఇక దాచేదేముంది" అన్న ఆలోచనే ఒక పెగ్గును పది రోజుల తాగుడు చేస్తుంది. మరుసటి రోజే కౌన్సెలర్‌కు ఫోన్ చేసి సిట్టింగు ముందుకు జరుపుకోవాలి. ఆ రోజు ఏం జరిగిందో రాసుకెళ్లాలి. మీరు చేయకూడనిది, తాగి ఉన్నప్పుడు పంచాయితీ పెట్టడం.

ఆయనకు తెలియకుండా కూరలో డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర) కలపమని ఎవరైనా చెబితే వినకండి. దాని మీద తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. ఆ మాత్ర ఆపిన రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి ఉన్నాయి. లివర్, కిడ్నీ పరీక్షలు చూసి డాక్టరే రాస్తారు, థెరపీతో కలిపి వాడతారు.

గొలుసులు వేసే, కొట్టే, ఇంటివాళ్లను కలవనీయని డీఅడిక్షన్ సెంటర్లకు పంపకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులను నిషేధించింది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రులున్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆయన రానంటే మొదటిసారి మీరొక్కరే వెళ్లండి. ఆయన కోసం ఆఫీసుకు అబద్ధం చెప్పడం, అప్పు తీర్చడం ఎలా ఆపాలో, తాగని రోజున ఎలా పలకరించాలో మీకు నేర్పుతారు. చాలా ఇళ్లలో భర్త వచ్చేది ఆ తర్వాతే.